తుపాను రాలేదు... అయితే అంచనా తప్పినట్టేనా?

ఈ ఎపిసోడ్‌ని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. 2021 డిసెంబరు 5, ఆదివారం పొద్దున్న. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి మా చిన్న మావయ్య ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు. "ఒరే అల్లుడా, ఏదిరా నీ తుపాను? కొబ్బరాకు కూడా కదల్లేదు ఇక్కడ" అన్నాడు.

నేను చెప్పినందుకే ఆయన అంత కోపంగా ఉన్నాడు. రెండు రోజుల ముందు హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో మ్యాప్ చూసి, "మావయ్యా, జవాద్ తుపాను మీ వైపే వస్తోంది, వరి పనల మీద ఉంచొద్దు, కుప్ప వేసేయ్" అని గట్టిగా చెప్పింది నేనే. ఆయన కూలీలకి మామూలు కంటే ఎక్కువ ఇచ్చి, రాత్రికి రాత్రి కుప్ప వేయించి, బరకాలు కప్పించి, అత్తయ్యని తీసుకుని స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రానికి వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే ఓ మోస్తరు వాన, అంతే. జవాద్ తీరానికి రాకముందే బలహీనపడిపోయింది. ఒడిశా వైపు తిరిగి పూరీ దగ్గరికి వెళ్లేసరికి వాయుగుండంగా మారిపోయింది.

ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఒక మాట అన్నాడు. "ఇంకోసారి పిలిస్తే నేను ఎల్లను. మీ ఫోన్లు మీరే చూసుకోండి." నాకు భయం వేసింది అక్కడే. నాలుగు వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ తర్వాత నిజంగా వచ్చే తుపానుకి ఆయన ఇంట్లోనే ఉండిపోతే? ఈ మనిషి 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సగం కొబ్బరి తోట పోగొట్టుకున్నవాడు. తుపాను అంటే ఏంటో తెలియక కాదు. అంచనా అంటే ఏంటో ఆయనకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. "వస్తోంది" అన్నాను. "రావచ్చు" అనలేదు.

సో, ఈరోజు టాపిక్ అదే. సైంటిస్టులు వాడే అంచనా మోడల్ అంటే అసలు ఏంటి, అది ఇచ్చే నంబర్‌ని ఎలా చదవాలి, ఆ నంబర్ పట్టుకుని ప్రభుత్వం గానీ మనం గానీ ఏం చేయాలి. వాతావరణాన్నే ఎక్కువగా తీసుకుంటాను. ఎందుకంటే అంచనా తప్పా ఒప్పా అని రోజూ చెక్ చేసుకునే ఛాన్స్ ఉన్న సబ్జెక్ట్ ఇదొక్కటే. ఎకనామిక్స్ వాళ్లకి ఆ అదృష్టం లేదు పాపం.

ముందు మోడల్ సంగతి. చాలామంది అనుకునేదేంటంటే, శాటిలైట్ పైనుంచి చూస్తుంది, మేఘం ఎటు పోతుందో చెప్పేస్తుంది అని. శాటిలైట్ ఇప్పుడు ఏముందో చెప్తుంది. రేపు ఏం జరుగుతుందో చెప్పేది లెక్క. భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తాన్ని గళ్లు గళ్లుగా కోసినట్టు ఊహించుకోండి. ఒక్కో గడిలో గాలి వేగం, పీడనం, వేడి, తేమ ఎంతో రాసుకుంటారు. పక్క గడితో తేడా ఉంటే గాలి ఇటు నుంచి అటు కదులుతుంది కదా, దానికి ఫిజిక్స్ సూత్రాలు ఉన్నాయి. వాటితో కొన్ని నిమిషాల తర్వాత ప్రతి గడిలో ఏం ఉంటుందో లెక్క కడతారు. ఆ వచ్చిన జవాబు మీద మళ్లీ ఇంకొన్ని నిమిషాలు. అలా వేల సార్లు చేస్తే పది రోజుల తర్వాతి వాతావరణం వస్తుంది.

ఈ ఐడియాని మొదట చేతితో ట్రై చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, ఇంగ్లండ్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా కాగితం మీద లెక్కలు వేసుకున్నాడు. 1910 మే 20న యూరప్ మధ్యలో ఆరు గంటల్లో పీడనం ఎంత మారి ఉంటుందో కనుక్కోవాలని. వచ్చిన జవాబు 145 మిల్లీబార్లు. అంత మార్పు ఆరు గంటల్లో ఏ తుపానులోనూ సాధారణంగా ఉండదు. నిజంగా ఆరోజు అక్కడ పీడనం దాదాపు మారనే లేదు. అంటే ఘోరంగా ఫెయిల్. ఇంకొకరైతే ఆ కాగితాలు చించి పారేసేవాళ్లు. ఆయన మాత్రం 1922లో పుస్తకం వేసి, ఆ తప్పు జవాబుని కూడా అందులో అచ్చు వేశాడు. నాకు ఈ విషయం చాలా నచ్చుతుంది. దశాబ్దాల తర్వాత వేరే శాస్త్రవేత్తలు అవే లెక్కలు మళ్లీ చేసి చూస్తే, పద్ధతి కరెక్టే, మొదట తీసుకున్న కొలతల్లో చిన్న చిన్న అసమతుల్యతలు ఉన్నాయి, వాటిని సవరిస్తే జవాబు బాగానే వస్తుంది అని తేలింది. ఆయన తప్పు దాచేసి ఉంటే ఇది ఎప్పటికి బయటపడేదో. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద మొదటిసారి కంప్యూటర్ అంచనా చేసినప్పుడు, 24 గంటల అంచనాకి లెక్క పూర్తవడానికి దాదాపు 24 గంటలు పట్టింది. అంటే రేపటి వాతావరణం రేపే తెలిసింది.

ఇప్పుడు మన దేశంలో 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి సైజు ఆరు కిలోమీటర్లు. అంతకుముందు పన్నెండు ఉండేది. ఆరు కిలోమీటర్లు అంటే హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ మూడూ ఒకే గడిలో పట్టేస్తాయి. మరి పంజాగుట్టలో కుండపోత, అమీర్‌పేటలో చుక్క లేదు అన్న రోజులు మనకి తెలుసు కదా? ఆ తేడా ఆ మోడల్ కంటికి ఆనదు. కాబట్టి "నా వీధిలో సాయంత్రం అయిదింటికి వాన పడుతుందా" అని యాప్‌ని అడగడం, రాష్ట్రం మ్యాప్ ముందు పెట్టుకుని మా ఇంటి నంబర్ ఎక్కడ అని వెతికినట్టే. యాప్ మాత్రం గంట గంటకీ ఒక బొమ్మ పెట్టేస్తుంది. బొమ్మ పెట్టినంత ధైర్యం వెనకాల ఉన్న లెక్కకి లేదు.

గళ్లు చిన్నవి చేస్తే చాలా మరి? చాలదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో ఒక చిన్న వాతావరణ మోడల్ నడుపుతున్నాడు. ఒక లెక్కని మధ్యలోంచి మళ్లీ చేద్దామని, ప్రింటవుట్‌లో ఉన్న నంబర్ ఎక్కించాడు. 0.506. కంప్యూటర్ లోపల ఉన్న అసలు నంబర్ 0.506127. తేడా ఎంత? వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. కాసేపు రెండు లెక్కలూ కలిసే నడిచాయి. తర్వాత మెల్లగా విడిపోయి, చివరికి ఒకదానికొకటి సంబంధం లేని వాతావరణాలైపోయాయి. బంగాళాఖాతం మధ్యలో గాలిని మనం అంత కచ్చితంగా కొలవగలమా? అక్కడ ఊళ్లు లేవు, వాతావరణ కేంద్రాలు లేవు, ఉన్నవి కొన్ని బోయలు, ఓడలు, శాటిలైట్లు. మొదటి కొలతలో తప్పు ఎప్పుడూ ఉంటుంది. ఆ తప్పు రోజురోజుకీ పెరుగుతుంది.

దీనికి సైంటిస్టులు కనిపెట్టిన ఉపాయం చాలా సింపుల్. ఒక్క లెక్కనే నమ్మకుండా, మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి, అదే లెక్కని చాలాసార్లు చేస్తారు. దీన్ని ఎన్‌సెంబుల్ అంటారు. యూరప్ వాతావరణ కేంద్రం 1992 నుంచి తన అంచనాల్లో ఇది చేస్తోంది, ఇప్పుడు యాభైకి పైగా లెక్కలు నడుపుతుంది. యాభైలో నలభై లెక్కల్లో తుపాను శ్రీకాకుళం వైపు వస్తే ఒక మాట. పది శ్రీకాకుళం, ఇరవై పూరీ, మిగతావి సముద్రంలోనే తిరిగిపోతే ఇంకో మాట. నంబర్ అక్కడినుంచి వస్తుంది.

ఇప్పుడు మీ ఫోన్‌లో "వాన 40 శాతం" అని ఉందనుకోండి. నేను ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌ని అడిగాను. ఒకడు "రోజులో 40 శాతం టైమ్ పడుతుంది" అన్నాడు. ఒకమ్మాయి "సిటీలో 40 శాతం ఏరియాలో పడుతుంది" అంది. ఇంకొకడు "యాభై కంటే తక్కువ కాబట్టి పడదు" అన్నాడు. మూడూ కాదు. ఇలాంటి పరిస్థితి ఉన్న రోజులు వంద తీసుకుంటే, వాటిలో నలభై రోజులు మీరున్న చోట వాన పడుతుంది, అరవై రోజులు పడదు అని. ఈరోజు ఏ గుంపులో ఉందో ఎవరికీ తెలియదు.

వాతావరణ శాఖ బులెటిన్ భాష ఇంకోలా ఉంటుంది, అది కూడా తెలుసుకోవాలి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో ఉన్న కేంద్రాల్లో పావు వంతు లోపు చోట్ల వాన. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. ఆ పైన ఇంకో రెండు మెట్లు ఉంటాయి. అంటే మనం వార్తల్లో విని వదిలేసే ఆ మాటలు ఏదో నోటికి వచ్చినట్టు చెప్పేవి కావు, ఒక్కోదానికి లెక్క ఉంది. అలాగే "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటాలి. "అతి భారీ" అంటే 115.6 నుంచి. "అత్యంత భారీ" అంటే 204.4 దాటితే. ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని రంగులు ఇస్తారు చూడండి, అవి వాన ఎంత అన్నదానికి మాత్రమే కాదు, దాని వల్ల జరిగే నష్టం ఎంత, అది జరిగే అవకాశం ఎంత అన్న రెండూ కలిపి ఇస్తారు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే ఇక కదలండి.

తుపాను మ్యాప్‌లో ఇంకో మోసం ఉంది. మోసం అనకూడదులెండి, మనం తప్పుగా చదువుతాం. సముద్రంలోంచి తీరం వైపు వెడల్పు అవుతూ వచ్చే గరాటా లాంటి ఆకారం ఉంటుంది. అది తుపాను సైజు కాదు. తుపాను కేంద్రం ఆ గరాటాలో ఎక్కడో ఒకచోటుగా పోవచ్చు అని దాని అర్థం. గతంలో చేసిన అంచనాలు సగటున ఎంత తప్పాయో దాన్నిబట్టి ఆ వెడల్పు గీస్తారు. అంటే ఒక రకంగా వాళ్ల పాత తప్పుల లెక్కని మన ముందు పెడుతున్నారన్నమాట. మా ఊరు గరాటా బయట ఉంది కదా, హాయిగా పడుకోవచ్చు అనుకోవడం పొరపాటు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, 5వ తేదీన. మునిగిపోయింది మాత్రం వందల కిలోమీటర్ల కింద ఉన్న చెన్నై, దానికి ముందే.

మన భారత వాతావరణ శాఖని జోకులు వేసేవాళ్లు చాలామంది. ఎండ కాస్తుంది అంటే గొడుగు తీసుకెళ్లాలి అని మా నాన్న తరం జోకు. ఆ జోకు ఇప్పుడు పాతబడిపోయింది. తుపాను మార్గం విషయంలో 24 గంటల ముందు చెప్పే అంచనాలో సగటు పొరపాటు గత పదిహేనేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు విదేశీ సంస్థలు ఇది సూపర్ సైక్లోన్, గాలి గంటకు మూడొందల కిలోమీటర్లు అంటుంటే, మనవాళ్లు 210, 220 దగ్గరే నిలబడ్డారు. చివరికి మనవాళ్ల అంచనాకి దగ్గరగానే వచ్చింది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పారు, అలాగే దాటింది.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1977 నవంబరు 19, దివిసీమ. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల మంది. ఆ తరం వాళ్లు దాన్ని తుపాను అనరు, ఉప్పెన అంటారు. అప్పుడు విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది, 1974లోనే పెట్టారు. రేడియోలో హెచ్చరికలు ఉన్నాయి. కానీ మీ ఊరికి ఇంత ఎత్తు నీళ్లు వస్తాయి అని లెక్కగట్టి చెప్పే మోడల్ లేదు, చెప్పినా ఆ రాత్రి ఆ లంకల దాకా చేర్చే దారి లేదు, చేరినా ఎక్కి నిలబడడానికి గట్టి భవనం లేదు. ఇవాళ ఉప్పెన అంచనా లెక్కలు కట్టేది హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని ఉప్పాడ తీరానికి నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో చెప్తారు. 2013లో ఫైలిన్‌కి ఒడిశా, ఆంధ్రా కలిపి పది లక్షలకు పైగా జనాన్ని తరలించారు. 1999లో అదే ఒడిశాలో సూపర్ సైక్లోన్‌కి పది వేలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి. ఫైలిన్‌లో పోయినవి పదుల్లో. మోడల్ ఒక్కటే చేసింది అనను. షెల్టర్లు, రోడ్లు, సెల్‌ఫోన్లు, కలెక్టర్లు, అందరూ కలిసి చేశారు. కానీ నాలుగు రోజుల ముందు ఎక్కడికి అని తెలియకపోతే ఆ బస్సులు ఏ ఊరికి పంపాలి?

సరే, ఇప్పుడు మావయ్య దగ్గరికి తిరిగి వద్దాం. జవాద్ అంచనా తప్పిందా? మార్గం చాలావరకు చెప్పినట్టే సాగింది. ఉత్తరాంధ్ర దగ్గరికి వచ్చి ఒడిశా వైపు తిరుగుతుంది అన్నారు, తిరిగింది. తేడా వచ్చింది బలం దగ్గర. తీరం దగ్గర సముద్రంలో వేడి తక్కువగా ఉండడం, పైన వేరే దిశలో గాలులు వీయడం, పొడిగాలి లోపలికి చొరబడడం, ఇవన్నీ కలిసి దాన్ని త్వరగా చంపేశాయి. ఎటు పోతుందో చెప్పడం కంటే ఎంత బలంగా ఉంటుందో చెప్పడం ఎప్పుడూ కష్టం. ఎటు అనేది చుట్టూ ఉన్న పెద్ద గాలుల మీద ఆధారపడుతుంది, అవి మోడల్‌కి బాగా కనిపిస్తాయి. బలం మాత్రం తుపాను లోపల కంటి చుట్టూ జరిగే చిన్న చిన్న వ్యవహారాల మీద ఉంటుంది.

కానీ అసలు ప్రశ్న అది కాదు. తుపాను రాకపోయినా మావయ్య చేసిన పని కరెక్టా కాదా? దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. నంబర్లు రౌండ్‌గా వేస్తున్నాను. కుప్ప వేయించడానికి ఖర్చు నాలుగు వేలు. వేయించకపోతే, తుపాను వస్తే తడిసి మొలకెత్తిపోయే ధాన్యం విలువ నలభై వేలు. తుపాను వచ్చే అవకాశం 40 శాతం అనుకుందాం. ఇలాంటి హెచ్చరికలు పది వచ్చాయనుకోండి. పదిసార్లూ కుప్ప వేస్తే మొత్తం ఖర్చు నలభై వేలు. ఒక్కసారీ వేయకపోతే, పదిలో నాలుగుసార్లు తుపాను వస్తుంది, నష్టం లక్షా అరవై వేలు. కాబట్టి పదిలో ఆరుసార్లు "అనవసరంగా" ఖర్చు పెట్టినట్టు కనిపించినా, పెట్టడమే తెలివైన పని. ఎక్కడిదాకా? నాలుగు వేలని నలభై వేలతో భాగించండి, పది శాతం. అవకాశం పది శాతం కంటే ఎక్కువ ఉంటే కుప్ప వేయాలి, తక్కువ ఉంటే వదిలేయొచ్చు.

చూడండి, ఆ పది శాతం వాతావరణ శాఖ చెప్పేది కాదు. అది మావయ్య పొలంలోంచి వచ్చిన నంబర్. పక్కింటాయనకి అది వేరే ఉంటుంది. ఆయన వరి ఇంకా కోయలేదు, పచ్చిగానే ఉంది, హడావుడిగా కోస్తే గింజే ఉండదు, అప్పుడు ఖర్చు చాలా ఎక్కువ. ఆయన 40 శాతానికి కదలకపోవడం కూడా కరెక్టే కావచ్చు. కొబ్బరి చెట్టు సంగతి చెప్పక్కర్లేదు, దాన్ని ఎక్కడికి తీసుకెళ్తాం? అంచనా ఒక్కటే అయినా నిర్ణయాలు ఎవరివి వాళ్లవి. అందుకే "వస్తుందా రాదా ఒక్క మాట చెప్పండి" అని అడగడంలోనే తేడా ఉంది. ఒక్క మాటలో చెప్పేస్తే, మీ తరఫున నిర్ణయం వాళ్లే తీసేసుకున్నట్టు.

ఇక ప్రాణాల దగ్గరికి వస్తే ఆ గీత ఇంకా కిందికి దిగిపోతుంది. ఒక కలెక్టర్ ముందు "ఈ ఊరికి ఉప్పెన వచ్చే అవకాశం పది శాతం" అని కాగితం ఉంటే, ఆయన ఊరు ఖాళీ చేయించాల్సిందే. అంటే లెక్క ప్రకారమే పదిలో తొమ్మిదిసార్లు ఆ ఊరికి ఏమీ కాదు. తొమ్మిదిసార్లు జనం స్కూల్లో పులిహోర పొట్లం తిని, దోమలు కుట్టించుకుని, ఇంటికి తిరిగి వస్తారు. ఇది వ్యవస్థ ఫెయిల్ కావడం కాదు, వ్యవస్థ అలాగే పనిచేయాలి. నాకున్న కంప్లయింట్ ఒక్కటే. ఈ మాట జనానికి ముందే చెప్పరు. ఆరోజు మా మావయ్య వాళ్ల ఊళ్లో మైకులో చెప్పింది "తుపాను వచ్చేస్తోంది, అందరూ కదలండి" అని. నేనూ అలాగే చెప్పాను. నంబర్ చెప్తే జనం కదలరేమో అని భయం. కానీ నంబర్ దాచి "వచ్చేస్తోంది" అని రెండుసార్లు చెప్తే, మూడోసారి ఎవరు కదులుతారు? పల్లెటూరి రైతుకి శాతాలు అర్థం కావు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియకుండా లక్షలు పెట్టే మనిషికి అవకాశం అంటే ఏంటో మనకంటే బాగా తెలుసు.

2025 ఖరీఫ్ ముందు కేంద్ర వ్యవసాయ శాఖ దాదాపు 3.8 కోట్ల మంది రైతులకి రుతుపవనాలు ఎప్పుడు వస్తాయన్న అంచనా ఫోన్ మెసేజ్‌గా పంపింది. ఏఐ మోడళ్లతో చేసిన అంచనా. ఆ ఏడాది రుతుపవనాలు త్వరగా వచ్చి, మధ్యలో మూడు వారాల దాకా ఆగిపోయాయి. ఆ ఆగడాన్ని కూడా మోడల్ ముందే పట్టుకుంది. ఏఐ మోడల్స్ మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను, దాని గురించి చెప్పాల్సింది చాలా ఉంది.

ఒక చిన్న పక్కదారి. కరోనా టైమ్‌లో కూడా మోడల్స్ వచ్చాయి కదా, అవి ఎందుకు అంత గందరగోళం అయ్యాయి? 2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ, ఏమీ చేయకుండా వదిలేస్తే బ్రిటన్‌లో అయిదు లక్షలకు పైగా మరణాలు అంది. లాక్‌డౌన్ పెట్టారు, అన్ని జరగలేదు. వెంటనే "చూశారా, తప్పు చెప్పారు" అన్నారు. "ఏమీ చేయకపోతే" అన్న మాట ఎవరికీ గుర్తు లేదు. మన దేశంలో ఉల్టా జరిగింది. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ నాయకత్వంలోని కమిటీ 2020 అక్టోబరులో పీక్ దాటిపోయింది, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికి బాగా తగ్గిపోతుంది అంది. 2021 మే 6న ఒక్కరోజే నాలుగు లక్షల 14 వేల కేసులు. మధ్యలో డెల్టా వచ్చింది, జనం మాస్కులు తీసేశారు. తుపానుకి, జబ్బుకి ఇదే పెద్ద తేడా. తుపాను టీవీ చూడదు. మనం ఏం అంచనా వేశామో దానికి తెలియదు, తెలిసినా మారదు. జనం చూస్తారు. "పీక్ అయిపోయింది" అని వింటే పెళ్లిళ్లకి వెళ్తారు. అంచనా బయటికి రాగానే అంచనా వేసిన విషయమే మారిపోతుంది. కాబట్టి జనం ప్రవర్తన మీద ఆధారపడ్డ మోడల్ ఏదైనా, ఎన్నికలు గానీ, షేర్ మార్కెట్ గానీ, జబ్బు గానీ, దాన్ని తుపాను మోడల్‌ని నమ్మినంతగా నమ్మొద్దు. "ఏ షరతు మీద చెప్తున్నారు" అని ముందు అడగండి.

మరి మంచి అంచనా వేసేవాళ్లని గుర్తుపట్టడం ఎలా? ఒక్క రోజు చూసి చెప్పలేం. 70 శాతం అన్నారు, వాన పడలేదు. తప్పా? వాళ్లే 30 శాతం పడకపోవచ్చు అన్నారు కదా. వాళ్లు 70 అన్న రోజులన్నీ ఒకచోట పోగుచేసి, వాటిలో నిజంగా ఎన్ని రోజులు పడిందో చూడాలి. వందలో డెబ్భై చుట్టుపక్కల ఉంటే మంచి మోడల్. తొంభై పడితే కూడా తప్పే, తెలుసా? భయపడి తక్కువ చెప్తున్నట్టు. దీనికి మార్కులు వేసే పద్ధతిని 1950లోనే గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త రాసిపెట్టాడు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

ఇది మీరు ఇంట్లోనే చేయొచ్చు. రోజూ రాత్రి ఒకే టైమ్‌కి మీ యాప్‌లో రేపటికి ఎంత శాతం ఉందో ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. మర్నాడు పడిందా లేదా అని పక్కన ఒక టిక్కు. వానాకాలంలో రెండు నెలలు చేయండి. ఒక్క విషయం, గుర్తున్నదాన్నిబట్టి రాయొద్దు. తడిసిన రోజులే మనకి గుర్తుంటాయి. నేను కిందటి వానాకాలంలో ఇలా రాశాను. నా యాప్ 20, 30 అన్న రోజుల్లో దాదాపు ఎప్పుడూ చుక్క పడలేదు, అంటే కొంచెం ఎక్కువ చేసి చెప్తోంది. ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. వాన లేదని చెప్పి పడితే మనం తిడతాం. పడుతుందని చెప్పి పడకపోతే ఊరుకుంటాం. మా మావయ్య తప్ప.

మావయ్యతో ఆ కుప్ప లెక్క నేను ఫోన్‌లో చెప్పలేదు, సంక్రాంతికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన అంతా విని, "నాలుగు వేలు కాదురా, ఆ రాత్రి కూలి రేటు నీకు తెలీదు, ఆరు అయ్యింది" అన్నాడు. సరే, ఆరు వేలైతే పదిహేను శాతం అన్నాను. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత "మరి జీడితోటకి ఎంత ఎయ్యాలి?" అని అడిగాడు. జీడిచెట్టుని కాపాడడానికి ముందుగా చేసేది పెద్దగా ఏమీ లేదు మావయ్యా అంటే, "మరి దానికి నీ శాతం ఎందుకురా" అన్నాడు. కరెక్టే.

ఇప్పుడు తుపాను అన్నప్పుడల్లా ఆయనే ముందు ఫోన్ చేస్తాడు. నేను మ్యాప్ చూసి నూటికి ఎంత అన్నది చెప్తాను, వాతావరణ శాఖ బులెటిన్ స్క్రీన్‌షాట్ పంపిస్తాను, ఎన్నింటికి వచ్చిన బులెటినో కూడా రాస్తాను, ఎందుకంటే గ్రూపుల్లో రెండు రోజుల పాత మ్యాప్ తిరుగుతూ ఉంటుంది. కుప్ప సంగతి ఆయన ఇష్టం. అత్తయ్యని షెల్టర్‌కి తీసుకెళ్లే విషయంలో మాత్రం శాతం గీతం ఏమీ మాట్లాడను, రెవెన్యూ వాళ్లు రమ్మంటే వెళ్లిపోమంటాను.

రెండు నెలల లెక్క రాసినవాళ్లు మీ యాప్ పేరు, 70 అన్న రోజులు ఎన్ని, పడిన రోజులు ఎన్ని, ఊరి పేరు, ఈ నాలుగూ పంపండి. అందరివీ కలిపి ఒక టేబుల్ చేసి చూపిస్తాను. ఉంటాను మరి.